పూడ్చని మగ్గం గుంత

ఇంట్లో పని మేలా, షెడ్డులో పని మేలా అని ఎవరైనా మాట మొదలుపెడితే ఇప్పటికీ నేను లేచి పక్కకు పోతాను. ముసలాయనకు కోపమెక్కువ అనుకుంటారు. కోపం కాదు. ఇన్నేళ్లుగా లోపల ఒక బరువు మోస్తున్నాను. ఆ మాట వినబడగానే అది కదులుతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే వీధి. డెబ్బైల్లో మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఒక గుంత ఉండేది. నేసేవాడు కాళ్లు అందులోకి దించి కూర్చుంటేనే మగ్గం ఆడేది. తిండి, నిద్ర, పురుడు అన్నీ ఆ గుంత పక్కనే. గుంత పూడ్చడమంటే ఆ ఇంట్లో ఇక నేసేవాడు లేడని మాలో లెక్క. మగదిక్కు పోయిన ఇళ్లలోనే పూడ్చేవాళ్లు.

నేను బడికి పోలేదు. చీరలు చుట్టిన పాత పేపర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. ఆ మాత్రానికే వీధిలో నా మాటకు విలువ వచ్చింది. గోడకు అటువైపు ఇల్లు ఓబులేసుది. నాకంటే చిన్నవాడు. రక్తసంబంధం లేకపోయినా అన్నా అని పిలిచేవాడు. ఏం చేయాలన్నా నన్ను అడిగే చేసేవాడు.

వానలు ముఖం చాటేసిన ఒక ఏడు మా సావుకారు ఊరి చివర రేకుల షెడ్డు వేసి, లోపల వరసగా గుంతలు తీయించాడు. అందరూ మగ్గాలు తెచ్చి అక్కడే నేయాలన్నాడు. ఇంట్లో గుంత పూడిస్తేనే పట్టు ఇస్తానన్నాడు. గుంత ఉంటే ఇంకో సావుకారి పడుగు దారం మగ్గానికి ఎక్కించుకుంటామని ఆయన భయం. నన్ను విడిగా పిలిచి, వీధిని ఒప్పిస్తే షెడ్డుకు ఎప్పటికీ నువ్వే మేస్త్రీవి అన్నాడు.

ఓబులేసు అరుగు మీద అందరం చేరాం. తక్కెడ నేనే పట్టాను. ఇంట్లో అయితే ఆకలైనప్పుడు లేచి తినొచ్చు, నలతగా ఉంటే నడుం వాల్చొచ్చు, ఆడవాళ్లు పట్టుదారం కండెలకు చుట్టిస్తారు. బాగానే ఉంది. కానీ ఆ కండెలకు కూలి ఎవరిస్తున్నారు? పసివాడు పడుగు మీద చెయ్యేస్తే ఆ నష్టం ఎవరిది? గుడ్డి వెలుతురులో కళ్లు పోగొట్టుకుంటున్నది ఎవరు? షెడ్డులో అయితే వేళకు పోతాం, వేళకు వస్తాం, ఇల్లు ఇల్లులా ఉంటుంది. ఇవన్నీ నిజాలే. ఇప్పుడు తలచుకున్నా ఒక్కటీ అబద్ధం కాదు.

తక్కెడలో వేయని రాయి ఒకటుంది. ఇంట్లో గుంత ఉన్నంతకాలం సావుకారు మన గడపకు వచ్చి అడగాలి; పూడ్చిన మర్నాటి నుంచి మనం ఆయన గడపకు పోయి అడగాలి. ఇది నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు. ఎందుకు? మేస్త్రీ పని కోసమేనా? పేపర్లు చదివేవాణ్ణి, ఇంకా ఆ గుంతలో కూర్చోవడమేమిటనే పొగరు కూడా ఉండిందేమో.

అంతా విని ఓబులేసు ఒక్కటే అడిగాడు.

"నువ్వు పూడ్సినావా అన్నా?"

"నిన్ననే పూడ్సినా. వచ్చి సూస్కోపో."

వచ్చాడు. వెంట వాళ్లావిడ రామక్క. నా గుంత మీద బండలు పరిచి, మట్టి మెత్తి, పేడతో అలికి ఉంది. కింద గుంత గుంతలాగే ఉంది. మగ్గం కొయ్యలు విప్పి అటక మీద దాచాను. మేస్త్రీ కాబోయేవాడు మగ్గం దాచుకోవడమెందుకని ఎవరూ అడగలేదు. ఓబులేసు నేలను చూసి తలూపాడు. రామక్క ఆ అలుకు మీదుగా ఇటు నుంచి అటు నడిచింది. ఆ సాయంత్రమే గోడ అవతల పార చప్పుడు వినిపించింది.

ఎనభైల్లో సావుకారు మరమగ్గాల వైపు తిరిగాడు. ఒక పొద్దున పోయి చూస్తే షెడ్డుకు తాళం. లోపలున్న మా మగ్గాలన్నీ లారీకెక్కించి అమ్మేసుకున్నాడు. మేస్త్రీకి ఒక్క మాట చెప్పలేదు. నమ్మించి గొంతు కోశాడని ఊరంతా తిరిగి అరిచాను. ఆ మంట నిజమే, ఇప్పటికీ ఆరలేదు. కానీ దాని చాటున దాక్కున్నదీ నేనే.

గుంతదేముంది, మళ్లీ తవ్వుకోవచ్చు. ఓబులేసుకు వాళ్ల నాయన చేయించి ఇచ్చిన మగ్గం ఆ లారీలో పోయింది. నాది అటక మీద ఉంది. పొయ్యి వెలగని రోజున బండలు లేపాను, కొయ్యలు దించాను. వేరే సావుకారి దగ్గర పడుగు తెచ్చుకున్నాను. మగ్గం చప్పుడు దాగేది కాదు. పోగుల మధ్య నాడె ఆడిన మొదటి పూటే గోడ అవతల మాటలు ఆగిపోయాయి.

ఓబులేసు వచ్చి చొక్కా పట్టుకుంటాడని చూశాను. రాలేదు. రామక్క వచ్చి వాకిట్లోనే నిలబడింది. నా చేతులు ఆగాయి.

"ఎందుకు నిలిపినావు బావా, నేసుకో. కింద డొల్లని ఆ దినమే నా కాలికి తెలిసింది. ఇంటికి పోయి చెప్తే ఆయప్ప నన్నే తిట్టినాడు, మా అన్న అబద్ధం ఆడతాడా అని."

అప్పుడైనా నేనేమన్నాను?

"సావుకారు మనందర్నీ మోసం చేసినాడు రామక్కా."

ఆమె నవ్వింది.

"సావుకారును నమ్మిందెవరు బావా? మేం నమ్మింది నిన్ను."

వాళ్లు బెంగళూరుకు సిమెంటు పనికి పోయారు. పోయే పొద్దున ఓబులేసు మూట భుజాన వేసుకుని నా గడప ముందు నిలబడి, పోయొస్తానన్నా అన్నాడు. నేను తల ఎత్తలేదు. నాడె ఆపలేదు. ఆపితే చప్పుడు పోతుంది, చప్పుడు పోతే ఏదో ఒకటి మాట్లాడాలి. వాళ్లు తిరిగి రాలేదు. వస్తారేమోనని నేను భయపడ్డానా, ఎదురుచూశానా? ఈ వయసులోనూ తేల్చుకోలేకపోతున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఆ రోజు అరుగు మీద అడిగిన మాటకు ఇవాళ జవాబు రాస్తున్నాను, అడిగినవాడికి అందదని తెలిసీ. అంతే.

పూడ్సలేదప్పా ఓబులేసూ. నాది పూడ్సలేదు.