ఎడమ పక్క తగ్గిన హెడ్‌ఫోన్

2006లో పుదుచ్చేరి పెద్ద మార్కెట్ వెనక వీధిలో నాదొక చిన్న ఆడియో షాపు. మా తాతలు ఆ వీధిలోనే ఇత్తడి సామాన్లు అమ్మారు. నేను మాత్రం ఆంప్లిఫయర్లు, స్పీకర్లు, హెడ్‌ఫోన్లు అమ్ముకుంటూ, చెడినవి బాగుచేసుకుంటూ కూర్చున్నాను. "బిందె కొన్నోడు మనవడి దాకా మన పేరు చెప్తాడు, నీ వైర్లు కొన్నోడు మర్నాడే తిట్టుకుంటా వస్తాడు" అని మా నాయన దెప్పేవాడు. ఆయన మాట పూర్తిగా అబద్ధమని చెప్పను.

ఆ రోజుల్లో నా దగ్గర బాగా పోయిన సరుకు ఒక రకం క్లోజ్‌డ్ బ్యాక్ హెడ్‌ఫోన్. చెవి మీద కూర్చునే గిన్నె వెనక భాగం మూసేసి ఉంటే దాన్ని క్లోజ్‌డ్ బ్యాక్ అంటాం. బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలి పాట పక్కవాడికి వినబడదు. వెనక జల్లెడలా తెరిచి ఉండేది ఓపెన్ బ్యాక్. పాట అందులో ఇంకా హాయిగా వినిపిస్తుంది గానీ, మా బజారు హారన్ల మధ్య దాన్ని పెట్టుకుంటే హారన్లే వినాలి.

నా షాపుకొక పద్ధతి ఉండేది. వారంటీ కార్డు మీద కొన్న రోజున ముద్ర వేసేవాణ్ణి కాదు. పది రోజులు వాడి, తిరిగొచ్చి, కౌంటర్ మీదున్న నోటుబుక్కులో ఎట్లా ఉందో సొంత చేత్తో రాస్తేనే ముద్ర. ఏదన్నా చెడిందని వచ్చినా అంతే, ముందు తేదీ వేసి రాయాలి, తర్వాతే స్క్రూడ్రైవరు. "సరుకు అమ్మతా ఉండావా, పరీక్ష పెడతా ఉండావా?" అని విసుక్కున్నవాళ్లు చాలామంది. నేను మాత్రం ఆ పుస్తకాన్ని కొత్తగా వచ్చినవాళ్లకు చదివి వినిపించి మురిసిపోయేవాణ్ణి.

అందులో రాతలు రకరకాలు. కురుచికుప్పంలో పడవ ఇంజన్లు బాగుచేసే ఒకాయన, "సముద్రం వినబడలేదు. మొదట భయమేసింది. తర్వాత నిద్ర పట్టింది" అని రాశాడు. ఒక రిటైర్డ్ గుమస్తా, "ఇంట్లో పిలిస్తే వినబడటం లేదు. ఇది లోపమో, గుణమో ఇంకా తేల్చుకోలేదు" అన్నాడు. చెవులు చెమట పడుతున్నాయని కాలేజీ పిల్లలు రాసేవాళ్లు. చెవి మూసుకుపోయినట్టుందని దాదాపు అందరూ రాసేవాళ్లు. ఎక్కువమంది తమిళంలో, కొందరు ఇంగ్లీషులో, మా తెలుగిళ్లవాళ్లు తమిళ అక్షరాలతో తెలుగు రాసేవాళ్లు. మా అమ్మది నెల్లూరు కాబట్టి నాకు మాత్రం తెలుగు అక్షరాలు వచ్చు.

తమిళ అక్షరాల్లో తెలుగు రాసినవాళ్లలో ఆర్. సుగుణ ఒకామె. నెల్లితోపులో ఇల్లు, ముప్పై అయిదేళ్లుంటాయి. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేసేది. అంటే, విదేశాల్లో డాక్టర్లు రోగుల సంగతులు చెప్పి రికార్డు చేసి పంపుతారు, వాటిని చెవితో విని కంప్యూటర్లో టైపు చేయాలి. భర్త పనిచేసే మిల్లు మూతపడ్డాక ఇల్లు నడిచింది ఆమె వేళ్ల మీద, చెవుల మీద. ఇంటి ముందే టౌన్ బస్సులు ఆగుతాయి, పక్కనే కూరగాయల అంగళ్లు. ఆ రొదలో పనిచేయడానికే ఫిబ్రవరిలో వచ్చి నా క్లోజ్‌డ్ బ్యాక్ కొనుక్కుంది. పది రోజులకి వచ్చి, "రెండు పక్కలా సమంగా ఉండాది. డాక్టరు కాగితం తిప్పేది కూడా వినిపిస్తాది. తలకి కొంచెం బిగుతు" అని రాసి ముద్ర వేయించుకుంది. ఆ వాక్యాన్ని ఎంతమందికి చదివి వినిపించానో లెక్కలేదు.

జూన్‌లో ఒక సోమవారం ఆమె హెడ్‌ఫోన్ సంచిలో పెట్టుకొని వచ్చింది.

"అన్నా, ఎడమ పక్క తగ్గిపోయిండాది. ఏదో దుప్పటి కప్పినట్టు వస్తా ఉండాది."

పుస్తకంలో రాయించాను. పెట్టుకొని విన్నాను, నాకు రెండు పక్కలా బాగానే ఉంది. వైరులో ఎక్కడో తెగి అతుక్కుంటూ ఉంటుందనుకున్నాను, మా పనిలో సగం రోగాలు వైరువే. వైరు మార్చి, ఎడమ పక్క ఇయర్ ప్యాడ్, అంటే చెవికి తగిలే మెత్తను కూడా కొత్తది వేసి పంపాను. మంగళవారం మళ్లీ వచ్చింది.

"అట్టనే ఉండాదన్నా. చెవి మూసుకుపోయినట్టు కూడా ఉండాది."

నేను నవ్వాను. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "క్లోజ్‌డ్ బ్యాక్ అంటేనే అదమ్మా. ఊళ్లో అందరూ అదే రాసిండారు, చూడు" అని పుస్తకం తిప్పి చూపించాను. పాపం, ఆమె కూడా నవ్వింది. వారంటీ కింద కొత్త జత ఇచ్చి పంపాను.

గురువారం ఆ కొత్త జతతో కూడా వచ్చింది. ఈసారి నవ్వు లేదు.

"అన్నా, నిన్న పంపించిన ఫైళ్లల్లో మూడు తిప్పి పంపినారు. ఇంకోసారి ఇట్టయితే పని ఆపేస్తామని మా టీమ్ లీడర్ చెప్పేసినాడు. ఏమైనా చెయ్యన్నా."

షోకేసులో ఉన్న మూడో జత తీసి ఆమె తలకి పెట్టాను. దానికీ ఎడమ పక్కే తక్కువ అంది. మూడు జతలు, మూడింటికీ ఎడమ పక్కే. తెలివున్నవాడెవడైనా అక్కడ ఆగి ఆలోచించాలి. నేను ఆలోచించింది ఏమిటంటే, కంపెనీవాడు ఈ లోడంతా చెత్త పంపాడని.

ఇక నా పనితనం చూడండి. కొత్త జత కుడి గిన్నె విప్పి, ఒక రెసిస్టర్ అతికాను. రెసిస్టర్ అంటే కరెంటుకి అడ్డం పడే మిరియపు గింజంత భాగం. అది కుడి పక్క సౌండును తగ్గిస్తుంది. రెండో విలువది, మూడో విలువది మార్చి మార్చి, "ఇప్పుడు?" "ఇంకొంచెం." "ఇప్పుడు?" అని అడుగుతూ సరిచేశాను. చివరికి ఆమె కళ్లు మూసుకొని తలూపింది.

"సమంగా ఉండాదన్నా. వాల్యూము మాత్రం పెంచుకోవాల. నీకు పుణ్యముంటాది."

ఆ పుణ్యం తలుచుకుంటూ ఆ సాయంత్రం ఇంట్లో మా ఆవిడ రాజేశ్వరికి నా తెలివంతా వర్ణించి చెప్పాను. ఆమె సాంబారు వడ్డిస్తూ విని, "అంతమంది కొన్నారు గదా, ఆయమ్మకి మాత్రమే ఏంది?" అంది. నేను పట్టించుకోలేదు.

తర్వాతి మంగళవారం మధ్యాహ్నం, బజారు కాస్త సద్దుమణిగాక, చెన్నైలోని డీలరుకి ఘాటుగా ఒక ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. ఊరికే తిడితే చాలదు, రుజువు చూపించాలి. నోటుబుక్కు ముందేసుకొని, ఎడమ పక్క తక్కువని ఎంతమంది రాశారో ఏరడం మొదలుపెట్టాను. మొదటి పేజీ నుంచి చివరి దాకా చూశాను. బరువన్నారు, చెమటన్నారు, వైరు పొట్టిదన్నారు. ఎడమ పక్క మాట ఒక్కరూ రాయలేదు. అదే లోడులో కొన్నవాళ్లూ రాయలేదు. ఎడమ పక్క అని ఉన్నవి సుగుణ రాతలు మాత్రమే. వాటికి ముందు ఫిబ్రవరిలో ఆమే రాసిన వాక్యం, రెండు పక్కలా సమంగా ఉండాదని.

రాజేశ్వరి మాట అప్పుడు చెవికెక్కింది. ఉత్తరం సగంలో వదిలేసి, షట్టరు దించి, స్కూటర్ మీద నెల్లితోపు పోయాను.

సుగుణ కంప్యూటర్ ముందు కూర్చొని ఉంది. నన్ను చూసి హెడ్‌ఫోన్ తీసి, "ఏందన్నా, ఇంత దూరం?" అంది.

"ఒక పని చెయ్యమ్మా. దాన్ని తిప్పి పెట్టుకో. కుడిది ఎడమకి, ఎడమది కుడికి."

ఇంతకన్నా చిన్న పరీక్ష మా వృత్తిలో లేదు. జబ్బు హెడ్‌ఫోన్‌దైతే, తిప్పినప్పుడు తక్కువ కూడా కుడి చెవికి మారిపోవాలి; ఇప్పుడు రెసిస్టర్‌తో సమం చేశాను కాబట్టి తిప్పినా సమంగానే ఉండాలి. మరి అన్నాళ్లు ఎందుకు చేయలేదంటే, ఈ రకం హెడ్‌ఫోన్‌కి వైరు ఎడమ గిన్నెలోంచి దిగుతుంది, గిన్నెల మీద గుర్తులుంటాయి. వాటి ప్రకారం పెట్టడమే మాకు అలవాటు. తిప్పి పెట్టుకున్న కస్టమర్‌ను సరిదిద్దడం కూడా అలవాటే. ఇరవై ఏళ్లుగా వందలమందిని నేనే సరిదిద్దాను.

ఆమె తిప్పి పెట్టుకుంది. నేను ఫైలు మొదలుపెట్టమన్నాను.

"ఇప్పుడు ఏ పక్క తక్కువ?"

"ఎడమ పక్కేనన్నా. ఇప్పుడు ఎడమ పక్క అసలే లేదు."

నేను సౌండు తగ్గించిన గిన్నె ఇప్పుడు తగ్గిన చెవి మీదికే వచ్చింది. మాట పూర్తయ్యేలోపే ఆమెకి అర్థమైంది. హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఫోను ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటుందట, అందుకే తేడా తెలియలేదట. చెవి మూసుకుపోయినట్టుండటం హెడ్‌ఫోన్ వల్లేనని నేనే చెప్పాను కాబట్టి నమ్మిందట.

"అన్నా, చెవి అని మాత్రం యాడా చెప్పొద్దు. మా ఆఫీసులో తెలిస్తే రేపే తీసేస్తారు. హెడ్‌ఫోన్ చెడిందనే చెప్పుకుంటా."

"వారం నుంచీ హెడ్‌ఫోన్ అని చెప్పింది నేనే తల్లీ. తప్పు చెప్పినా. రేప్పొద్దున రాజేశ్వరి, నేను వస్తాం, గోరిమేడు పెద్దాసుపత్రికి పోదాం."

పొద్దున ఓపీ చీటీ తీసుకొని ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం. నోటుబుక్కు ఎందుకు వెంట తీసుకెళ్లానో నాకే తెలియదు, చేతిలో ఏదో ఒకటి ఉండాలనిపించి ఉంటుంది. చెవి డాక్టరమ్మ వినికిడి పరీక్షకి పంపింది. చిన్న అద్దాల గది, లోపల సుగుణ, ఆమె తలకి హెడ్‌ఫోన్. అదీ క్లోజ్‌డ్ బ్యాకే. ఎర్ర గిన్నె కుడి చెవికి, నీలం గిన్నె ఎడమ చెవికి. వినబడితే వేలెత్తమన్నారు. కుడి చెవికి టకటకా ఎత్తింది. ఎడమ వంతు వచ్చాక వేలు ఒళ్లోనే ఉండిపోయింది. సన్నటి సౌండు కోసం మొహమంతా బిగించి వెతుకుతోంది. నేను కాలికింద నేల చూస్తూ నిలబడ్డాను. ఆ రెసిస్టర్ అతికిన చెయ్యి నరికేసుకోవాలనిపించింది.

"ఎప్పుడు మొదలైంది?" అని డాక్టరమ్మ తమిళంలో అడిగింది.

"నాలుగైదు రోజులుంటాది, లేకుంటే నెలైందో" అని సుగుణ తడబడింది.

నేను పుస్తకం తెరిచి ముందుకు జరిపి, ఒక్కో రాతా తమిళంలో చెప్పాను. సోమవారం, ఎడమ పక్క తగ్గింది. మంగళవారం, చెవి మూసుకుపోయింది. గురువారం, ఫైళ్లు తిరిగొచ్చాయి. తేదీలన్నీ సుగుణ చేతిరాతే. అంతకుముందు ఎట్లా ఉండేదని డాక్టరమ్మ అడిగితే ఫిబ్రవరి పేజీ కూడా చూపించాను. ఆమె మళ్లీ మళ్లీ చూసి, ఆ సోమవారం నుంచి లెక్కేసి, "పదో రోజు" అంది. ఇలా ఉన్నట్టుండి లోపలి చెవి దెబ్బతినడానికి కారణం చాలాసార్లు దొరకదట. మొదటి రెండు వారాల్లో మందు పడితే తిరిగొచ్చే ఆశ ఉంటుంది, ఎంత వస్తుందో మాట ఇవ్వలేను అంది. ఆ పూటే మాత్రలు మొదలుపెట్టించింది. ఒక నెల హెడ్‌ఫోన్ ముట్టుకోవద్దంది.

ఆ నెల ఎలా గడిచిందో సుగుణకి తెలుసు. ఒక సంగతి మాత్రం చెప్పాలి. ఆమె భయపడినట్టు ఆఫీసువాళ్లు తీసేయలేదు. డాక్టరు కాగితం చూశాక, పని ఆపేస్తానన్న ఆ లీడరే, వేరేవాళ్లు టైపు చేసినవి కంటితో చూసి దిద్దే పని ఇచ్చాడు. నేను ఆయన్ని ఎప్పుడూ చూడలేదు గానీ, మంచివాళ్ల జాబితాలో ఆయన పేరు వేసుకున్నాను. రాజేశ్వరి వారానికోసారి నెల్లితోపు పోయి వచ్చేది. నేను పోలేదు, మొహం చెల్లలేదు. ఎవరైనా పుస్తకం చదివి వినిపించమన్నా నాకు మనసొప్పేది కాదు.

జూలై చివర్లో ఒక ఉదయం షట్టరు ఎత్తేసరికి సుగుణ మెట్ల మీద కూర్చొని ఉంది. చేతిలో అదే సంచి, మొహం గంటు పెట్టుకొని ఉంది.

"అన్నా, ఈ హెడ్‌ఫోన్ సరిగా లేదు."

"ఏమైందమ్మా?"

"కుడి పక్క తగ్గిపోయిండాది. ఎడమ పక్క బాగా వినిపిస్తాది. నిన్ననే డాక్టరమ్మ పెట్టుకోవచ్చని చెప్పింది, పెట్టుకుంటే ఇదీ సంగతి. ఇప్పుడు కుడి చెవికి కూడా వచ్చేసిందా ఏంది?"

నాకు ఒక్క క్షణం పట్టింది. రెసిస్టర్. కుడి గిన్నెలో నేను అతికిన రెసిస్టర్ అలాగే ఉంది. ఆ హడావిడిలో తీయడం మరిచిపోయాను. ఆమె ఎడమ చెవి తిరిగొచ్చింది కాబట్టే ఇప్పుడు కుడి పక్క తక్కువగా వినిపిస్తోంది. ఇన్నేళ్ల వ్యాపారంలో అంత మంచి ఫిర్యాదు నాకెవరూ చేయలేదు. నేను కౌంటర్ వెనక స్టూలు మీద కూలబడి ఏడ్చాను. ఏమైందో తెలియక ఆమె కంగారుపడి, "పోనీ లేన్నా, ఇంకోటి కొనుక్కుంటాలే" అంది.

"తిప్పి పెట్టుకో తల్లీ" అన్నాను.

తిప్పి పెట్టుకుంది. తక్కువ ఎడమ పక్కకి మారింది. ఈసారి జబ్బు హెడ్‌ఫోన్‌దే. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆమె ఎదుటే గిన్నె విప్పి, సోల్డరింగ్ ఐరన్ వేడిచేసి, ఆ మిరియపు గింజను ఊడదీశాను. సరుకు గురించి మనిషి చెప్పే మాటలో సరుకు సంగతి ఎంతో, ఆ మనిషి సంగతి ఎంతో విడదీసి చూడాలని నాకు నేర్పింది అదే. అప్పటి నుంచి ఎవరు ఏ పక్క తక్కువన్నా, స్క్రూడ్రైవరు తీసే ముందు తిప్పి పెట్టుకోమంటాను. ఇన్నేళ్లలో ఇంకో ఇద్దరిని గోరిమేడు పంపాను. ఆ డాక్టరమ్మకి, ఆ లీడరుకి, సాంబారు వడ్డిస్తూ ఒక్క ప్రశ్న అడిగిన రాజేశ్వరికి, నా తప్పు వారం రోజులు మోసి కూడా నన్ను అన్నా అనడం మానని సుగుణకి నేను రుణపడి ఉన్నాను.

రెసిస్టర్‌ని పుస్తకంలో సెల్లోటేపుతో అంటించాను, ఇప్పటికీ ఉంది. ముద్ర వేయాలంటే రాయాలి కదా అని సుగుణ తనే పెన్ను తీసుకుంది. తమిళ అక్షరాల్లో, దాని కింద, ఫిబ్రవరిలో రాసినట్టే రాసింది.

"రెండు పక్కలా సమంగా ఉండాది. తలకి కొంచెం బిగుతు."