యాట సంచి

మా మామ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను హిందూపురంలో, నేను పనిచేసే బ్యాగుల షాపులో, ఒకావిడకు స్కూలు బ్యాగు జిప్పు లాగి చూపిస్తున్నాను. అవతల మా ఆయన గొంతు. "నాయన పోయినాడు" అన్నాడు. నేను ఏడవలేదు. "ఏ బండ కాడ పడినాడు?" అని అడిగాను.

మా ఆయనకు నేనేం అడుగుతున్నానో అర్థం కాలేదు. "పడలేదు. ఇంట్లోనే. మంచం మీద కూచ్చోని కాఫీ తాగుతా ఉన్న్యాడు. లోటా చేతిలో ఉన్నట్టే పక్కకు ఒరిగిపోయినాడు" అన్నాడు.

ఆ ఫోన్ కోసం నేను కొన్నేళ్లుగా భయపడుతూనే ఉన్నాను. కాకపోతే అది గుట్ట మీది నుంచి వస్తుందనుకున్నాను. ఫోన్ ఎవరు చేస్తారో, నేను ఏ బస్సు పట్టుకుని పరిగెత్తాలో, అత్తకు ఎలా చెప్పాలో అన్నీ ముందే ఊహించుకుని పెట్టుకున్నాను. నా భయమంతా గుట్ట మీద కాపలా కాస్తుంటే చావు మా వీధి తలుపులోంచే లోపలికొచ్చింది. ఇంత భయపడీ ఏం లాభమని ఆ రోజు బస్సులో నా మీద నాకే కోపం వచ్చింది.

మాది పెనుకొండకు ఇవతల, గుట్ట కింద ఉన్న చిన్న ఊరు. గుట్ట మీద అమ్మవారు ఉంది. మొక్కుబడి ఉన్నవాళ్లు ఆదివారాల్లో పొట్టేలునో మేకనో పైకి తోలుకుపోయి అక్కడే కోస్తారు. పైన నీళ్లు లేవు కాబట్టి వంటలన్నీ కిందే. బండి పోయే దారీ లేదు. కోసిన మాంసాన్ని, మా మాటలో కూరను, ఎవరో ఒకరు వీపునో నెత్తినో పెట్టుకుని దించాలి. వయసంతా గొర్రెలు కాసిన మా మామకు ఆ గుట్టలో తెలియని రాయి లేదు. మగదిక్కు లేని ఇళ్లవాళ్లు, ముసలివాళ్లు ముందురోజే వచ్చి ఆయనకు చెప్పుకునేవాళ్లు. మోసినందుకు తలకాయా కాళ్లూ ఆయనకిచ్చే ఆచారం. చాలా ఇళ్ల దగ్గర అవి కూడా తీసుకోకుండా వచ్చేసేవారు. అత్త గొణుగుతూనే ఉండేది.

ఎన్నో ఏళ్లు వెదురుగంపలోనే మోశారు, నెత్తిన. ఒక వేసవిలో మెడ పట్టేసింది. ఎడమచేతి వేళ్లు తిమ్మిరెక్కి, కాఫీ లోటా జారిపోయేది. హిందూపురంలో డాక్టరుకు చూపించాం. ఆయన ఎక్స్‌రే పైకెత్తి చూసి, "పెద్దాయనా, ఇకమీదట నెత్తిన బరువు పెట్టొద్దు" అన్నాడు. అత్త ముఖం వెలిగిపోయింది. తిరుగు బస్సులో మామ కిటికీలోంచి చూస్తూ చూస్తూ నా వైపు తిరిగారు.

"నెత్తిన వద్దన్నాడు. వీపు మీద వద్దన్లేదు కదమ్మా?"

"నువ్వు గుట్ట మీది నుంచి యాట మోస్తావని ఆయప్పకు తెలిస్తే కదా, వద్దనేకి!" అంది అత్త.

"నువ్వుండు. అమ్మాయీ, బ్యాగుల షాపులో పనిజేస్తాండావు. నాకొక యాట సంచి జూడు."

ఆ గుట్ట దిగులు నాకు మొదలైంది అక్కడే. షాపులో రోజూ పది మందికి గ్యారంటీ అని చెబుతాను. ఈ పట్టీ తెగదు, ఈ జిప్పు పోదు అని నోరు తిరిగిపోయింది. మామ అడిగినప్పుడు మాత్రం ఆ మాట గొంతులోంచి రాలేదు. స్కూలు బ్యాగు పట్టీ తెగితే పుస్తకాలు కింద పడతాయి. గుట్ట దిగేటప్పుడు ఈయన పట్టీ తెగితే ఏమవుతుందో తల్చుకోవడానికి కూడా నాకు ధైర్యం లేదు.

ముందు మా షాపులో ఉన్నవాటినే ప్రయత్నించాం. పెద్ద స్కూలు బ్యాగుకు మొదటి ఆదివారమే కుట్లు ఊడాయి. కొండలెక్కేవాళ్లు వేసుకునే బ్యాగు ఒకటి తెచ్చాను. బరువు బాగానే ఆపింది గానీ లోపలి స్పాంజి రక్తం తాగేసింది. ఎన్ని నీళ్లు పోసినా వాసన వదల్లేదు, పెరట్లో ఆరేస్తే చీమలు బారులు కట్టాయి. పైగా దాని మూత బిగుతు. మామకు అది అసలు నచ్చలేదు. "కూరకు గాలి తగలల్ల. మూతేసి బిగిస్తే అలుగుతాది" అనేవారు. మాంసం చెడిపోవడాన్ని ఆయన ఎప్పుడూ అలగడమనే అనేవారు. అలిగిన కూరను పొయ్యి కూడా ఓదార్చలేదట.

అప్పుడు మా షాపాయన బెంగళూరులో సరుకు పంపే మనిషి నంబరిచ్చి, ఏం కావాలో రాసి పంపమన్నాడు. కోతకు పెట్టిన గొర్రెనైనా మేకనైనా మా వైపు యాట అంటాం. నేను చదువుకున్నదాన్ని కదా, యాట అని రాస్తే బాగుండదని శుద్ధంగా "వేట సంచి కావాలి, మాంసం మోయడానికి" అని రాసి పంపాను. ఆ మనిషి అడవిలో జంతువుల వెంటపడే వేట అనుకున్నాడు. పొద్దున్నే నా ఫోన్ నిండా ఫోటోలు. ఎక్కడో మంచు కొండల్లో గడ్డాలు పెంచుకున్న మనుషులు, చేతుల్లో విల్లులు, వీపున ఆకుల, కొమ్మల రంగు సంచులు.

అత్త ఫోన్ దూరంగా పట్టుకుని చూసింది. "ఈయప్ప ఎవురమ్మా? అరణ్యవాసం పోతాండాడా?"

సిగ్గుతో నేను ఫోన్ లాక్కోబోయాను. మామ ఇవ్వలేదు. ఒక ఫోటో దగ్గర ఆగిపోయారు. అందులో సంచి వెనక సన్నటి రేకు చట్రం ఉంది. చట్రాన్నీ సంచినీ విడదీసి, ఆ మధ్యలో మాంసం మూట పెట్టి పట్టీలతో బిగించారు. మూట వీపుకు అంటుకునే ఉంది, గాలీ తగులుతోంది. నడుముకు వెడల్పాటి బెల్టు.

"వీళ్లూ నా మాదిరోళ్లే" అన్నారు మామ. "కొట్టేది ఏందైనా గానీ, ఇంటికి మోయల్ల కదా."

తర్వాత రెండు వారాలు నాకు అదే పని. ఆ సంచుల గురించి దొరికిందల్లా చదివాను. బరువు భుజాల మీద కాదు, నడుము మీద ఆగాలట. మూట కిందికి జారితే మనిషి వెనక్కి పడతాడట, మరీ పైకుంటే ముందుకు తూలతాడట. చదివే కొద్దీ భయం తగ్గాల్సింది పోయి పెరిగింది. ఆ సంచుల్లో పెద్దదీ చిన్నదీ ఉన్నాయి. పెద్దదే గట్టిదని షాపాయన చెప్పాడు. నేను చిన్నదే తెప్పించాను. మామ చూసి, "ఇదేంది, ఇంత పొట్టిది?" అన్నారు.

"పెద్దది కొంటే దాన్నీ నింపుతావు మామా."

ఆయన గట్టిగా నవ్వారు. "దిగులమ్మా, నువ్వు శానా తెలివైనదానివే!" అప్పటి నుంచీ ఇంట్లో నా పేరు దిగులమ్మే.

కొత్త సంచిలో రాగుల మూట పెట్టి పెరట్లో నడిపించాను. నడుం బెల్టును ఆయన మొలతాడులా బాగా కిందికి కట్టుకున్నారు. కాదు పైకి అంటే, "నా నడుము యాడుండాదో నాకు తెలీదా?" అన్నారు. నాలుగు అడుగులు వేసి ఆగి, పైకి జరుపుకున్నారు. ఛాతీ మీద పట్టీలను కలిపే బిళ్ల పెడితే చంటిపిల్లాణ్ణి కట్టేసినట్టుందని తీసేయబోయారు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. పక్కన విల్లు తగిలించే కొక్కెం ఉంటే అందులో గొడుగు దూర్చి, అద్దం ముందు నిలబడి అత్తను పిలిచారు.

ఆ సంచికి ఒక గండమూ వచ్చింది. ఒక ఆదివారం ఆయన దిగే వేళ దాటిపోయింది. కింద పొయ్యిలు మండుతున్నాయి, మొక్కుబడివాళ్లు మా ఇంటికి వచ్చి అడుగుతున్నారు. నేను పెరట్లో గోడ పట్టుకుని గుట్ట దారి చూస్తూ నిలబడ్డాను. సంచి రంగు అడవి రంగే కదా, ఎంత చూసినా ఏది చెట్టో ఏది మనిషో తెలియలేదు. చివరికి ఆయన వచ్చారు, అటొకరూ ఇటొకరూ ఫారెస్టువాళ్లతో. అడవి రంగు సంచి, రక్తం మరకలు, విల్లు కొక్కెం చూసి, జింకనో పందినో కొట్టాడేమోనని వాళ్లు ఆపారట. వాళ్ల తప్పేం లేదు, నేనైనా ఆపుతాను.

"ఏం జెప్పినావు మామా?"

"చెప్పేదేముంది? తోక జూపిస్తి."

ఆయన యాటను ఎప్పుడు కోసినా తోక తీసేవారు కాదు, బొచ్చుతోనే వదిలేసేవారు. తినేవాళ్లకు ఏం తింటున్నారో తెలియాలని ఆయన పట్టింపు. ఆ రోజు అదే కాపాడింది. ఫారెస్టువాళ్లు మా ఇంట్లో మజ్జిగ తాగి వెళ్లారు.

నేను మాత్రం ఆ వారమే ధర్మవరంలో మా పుట్టింటికి పోయి, మా అన్న మగ్గం దగ్గర మిగిలిన పట్టుగుడ్డ ముక్క తెచ్చాను. మంచి రాణీ రంగు. దాన్ని సంచి మీద అడ్డంగా కుట్టేశాను. మామ చూసి, "పెండ్లికి పోతాండానా, కూర మోస్తాండానా?" అన్నారు. కానీ విప్పమనలేదు. ఆ రోజు నుంచీ ఆయన గుట్ట దిగుతుంటే పెరట్లోంచి గులాబీ చుక్క కనిపించేది. బండ వెనక్కి పోయేది, మళ్లీ బయటపడేది. చుక్క పెద్దబండ దాటగానే అత్త చూపు తిప్పకుండానే, "నీళ్లకు మంట పెట్టమ్మా, వస్తాండాడు" అనేది. నీళ్లు కాగేసరికి ఆయన గడపలో ఉండేవారు. ఒంటికి అంటిన రక్తం కడుక్కోకుండా ఇంట్లో అడుగు పెట్టేవారు కాదు.

మా మామ గురించి రాయాలంటే ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. పుట్టినప్పటి నుంచీ నేను భయస్థురాలినే. గ్యాసు కట్టేశానా, తాళం వేశానా, బస్సు బ్రేకులు పడతాయా అని ఎప్పుడూ ఏదో ఒకటి. మా అమ్మ దిష్టి తీయించింది. మా ఆయన మొదట్లో విసుక్కునేవాడు. నా భయాన్ని పనిలో పెట్టుకున్నది మామ ఒక్కరే. ఆదివారం పొద్దున సంచి తగిలించుకుని నా ముందుకొచ్చి నిలబడేవారు.

"చెప్పు దిగులమ్మా. ఈ పొద్దు దేనికి భయపడతాండావు?"

నేను చెప్పేదాన్ని. ఎడమ పట్టీ కుట్టు వదులైనట్టుంది, రాత్రి చినుకులు పడ్డాయి, బండలు జారతాయి, నువ్వు సరిగ్గా తినలేదు. ఆయన ఒక్కొక్కటీ విని, కుట్టు లాగి చూసుకునేవారు, చెప్పులు మార్చుకునేవారు, సంగటి ఇంకో ముద్ద తినేవారు. ఒకసారి నేను ఏడుపు ఆపుకోలేక, నా వల్ల అందరికీ విసుగని అన్నాను. "విసుగేంది? ఇంట్లో ఒకరన్నా భయపడల్ల. నువ్వు భయపడతావు కాబట్టి నేను నిమ్మళంగా పోతాండా" అన్నారు. నా జీవితంలో ఎవరూ నాకు అంత మర్యాద ఇవ్వలేదు.

ఆయన పోయాక ఆ సంచి వసారాలో మేకుకు వేలాడుతూనే ఉండింది. భుజం పట్టీ మీద, ఆయన బిగించుకునే చోట, చెమట ఆరి తెల్లటి ఉప్పు చార కట్టింది. దాన్ని కడగాలని తీసి, కడగలేక మళ్లీ తగిలించాను.

పోయిన ఆదివారం మా ఎదురింటాయన వచ్చాడు. మా వీధి చివర ముసలావిడ మొక్కుబడి ఉందనీ, కూర దించేవాళ్లు లేరనీ, తను మోస్తాననీ, సంచి ఇస్తారా అనీ అడిగాడు. మాకు ఏడాది దాకా మైల, మా ఇంటివాళ్లెవరూ గుట్ట ఎక్కకూడదు. నాకు ఇవ్వాలని లేదు. ఈయన ఒడ్డూ పొడుగూ వేరు, పట్టీ మార్చాలి. బరువు ఎక్కడ ఆగాలో తెలియదు. ఈయనకూ చిన్న పిల్లలున్నారు. ఏమైనా అయితే?

అత్త లేచి మేకు నుంచి సంచి తీసి ఆయన చేతికిచ్చింది. "తీసుకపో నాయనా. పోయే ముందు మా కోడలు దేనికి భయపడతాండాదో అడుగు. అడక్కుండా పోవద్దు."

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. మామ పోయిన రోజు రానిదంతా వచ్చింది. పాపం, ఎదురింటాయన తల వంచుకుని నిలబడ్డాడు. నేను కళ్లు తుడుచుకుని, నడుం బెల్టు పైకి జరిపి, ఛాతీ బిళ్ల పెట్టి, భుజం పట్టీ వదులు చేశాను. ఉప్పు చార పట్టీ బిగింపు దాటి పైకి పోయింది. చూడనట్టే ఉన్నాను. తోక తీయొద్దని చెప్పాను. పెద్దబండ దగ్గర కర్ర చేతిలోకి తీసుకోమని చెప్పాను. ఆయన అన్నిటికీ "అట్లే వదినా, అట్లే" అన్నాడు.

ఎండ ముదిరాక అత్తా నేనూ పెరట్లో కూర్చున్నాం. ఆవిడ చింతపండు గింజలు తీస్తోంది. నా చూపు గుట్ట మీదే ఉంది. చాలాసేపటికి గులాబీ చుక్క కనబడింది. నెమ్మదిగా దిగుతోంది. ఒక చోట ఆగింది. మళ్లీ కదిలింది. పెద్దబండ దాటింది.

"నీళ్లకు మంట పెట్టమ్మా" అంది అత్త, చింతపండులోంచి చెయ్యి తీయకుండానే. "మీ మామ వస్తాండాడు."

నేను లేచి పోయి పొయ్యి అంటించాను.