సువార్తమ్మ ఇంటి నాలుగు రోజుల తూకం

1938 వేసవిలో పత్తికొండ దగ్గర ఒక పల్లెలో డైట్ సర్వే చేశాం. డైట్ సర్వే అంటే ఇల్లిల్లూ తిరిగి, పొయ్యి మీదికి ఎక్కకముందే గింజలూ పప్పూ ఆకూ తూచి రాసుకోవడం. తూకం నా పని. ఎనిమిదో తరగతితో బడి మానినవాణ్ణే అయినా, కర్నూలు గ్రంథాలయంలో విటమిన్ల మీద దొరికినదంతా చదివాను. ఆ గర్వం నాకు బాగానే ఉండేది.

ఆ ఊళ్లో కూలికి పోయే సువార్తమ్మకు రూతు అని ఎనిమిదేళ్ల కూతురు. పిల్లకు రేచీకటి. దీపాలు పెట్టే వేళ అయిదడుగుల దూరంలో వేళ్లు చూపి ఎన్నని అడిగితే, నా గొంతు వినబడిన వైపు తిరిగి ఊరికే నిలబడింది. పాలు, ఆకుకూరలు లేవని తూకంలో తేలిన ఇళ్ల పిల్లలకే మా డాక్టరుగారు కాడ్ లివర్ ఆయిల్, అంటే విటమిన్ ఏ ఉండే చేపనూనె, పట్టించి చూపులో మార్పు కొలుస్తారు.

నాలుగు రోజులు తూచాను. వరిబియ్యం, కందిపప్పు, పాలు, తోటకూర.

"మీ ఇంట్లో లోటేం లేదమ్మా. రూతుకు నూనె రాదు" అన్నాను.

సువార్తమ్మ తల దించుకుంది. మూల కూర్చున్న ఆమె అత్త నోరు విప్పింది.

"నువ్వొస్తాండావని యాడాడో అడిగి తెచ్చి వండుతాండాది నాయనా. నువ్వు పోతే మాకు జొన్నసంగటి, గొడ్డుకారమే. ఈ ఎండలకు మేకలకే ఆకు లేదు, మాకు యాడిది?"

"ఊరుకో అత్తా. ఇంటికొచ్చిన మనిషి ముందర ఉత్త సంగటి ఎట్ల పెట్టేది?"

"ఆయప్ప తినేకొచ్చినాడా, తూచేకొచ్చినాడా?"

నాకు నవ్వు రాలేదు. తూకం ఎలా వేయాలో పుస్తకాల్లో ఉంది గానీ, తూచేవాడు చుట్టమైపోతాడని ఎక్కడా లేదు. డాక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పి, నాలుగు పేజీలూ కొట్టేసి, మళ్లీ తూచాను. పాలు, ఆకుకూర గళ్లలో సున్నాలే.

నూనె మొదలైన రెండో వారం, అదే వేళకు, అదే దూరంలో మూడు వేళ్లు చూపాను.

"మూడు" అంది రూతు. కాస్త ఆగి, "నడిమేలుకు సిరా అంటుకోనుండాది" అంది.

సువార్తమ్మ గబగబా వచ్చి నా వేలు పట్టుకుని, ఆ మరకను తానూ చూసింది. నేను చేయి దించలేకపోయాను. రోజుకొక చెంచా నూనె, అంతే. విటమిన్ ఏ గురించి ఎన్ని పేజీలు చదివానో. అది ఒక పిల్ల కళ్లలోకి దిగి నా వేలి మీది మరకను పట్టుకోవడం చూశాక గానీ అదంతా నిజమని నాకు తెలిసిరాలేదు.

ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా మొదటి రోజుల అంకెలు వేరే కాగితం మీద రాసేవాణ్ణి. ఇంటివాళ్లు విసుగెత్తి "ఇంకా పోలేదేమప్పా నువ్వు" అన్న రోజు నుంచే అసలు పుస్తకం తెరిచేవాణ్ణి.