బీరపాదు పూసేదాకా అద్దం లేదు

డిగ్రీ పాసయ్యాను! ఆ మాట ముందు చెప్పేస్తే గాని మిగతావి నోట్లోంచి రావు. ముప్పై ఆరేళ్ళ వయసులో, ఇద్దరు పిల్లల తల్లిని, దూరవిద్యలో బి.ఏ. పాసయ్యాను. అమ్మ వైపూ నాన్న వైపూ కలిపి వెతికినా మా వాళ్ళలో డిగ్రీ అన్నది ఇదే మొదలు. పొద్దున మార్కుల కాగితం చేతికొచ్చినప్పుడు నాకు గుర్తొచ్చింది మాత్రం పుస్తకాలు కాదు, ఒక బీరగింజ.

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, మేము ఏన్కూరు దగ్గర పల్లెలో ఉండేవాళ్ళం. మా అమ్మకు ముప్పై దాటాక ముఖం నిండా మొటిమలు వచ్చాయి. పడుచుపిల్లలకు వచ్చే నాలుగు పొక్కులు కావవి. గడ్డం మీదా నుదుటి మీదా ఎర్రగా, గట్టిగా, చీము పట్టి ఉండేవి. "ముగ్గుర్ని కన్నదానికి మొటిమలేంది? రక్తం చెడింది" అని ఊరు తీర్పు చెప్పేసింది.

అదే ఏడు మా ఊరికి బాలవాడి వచ్చింది, పసిపిల్లలకు ఆటపాటలు నేర్పి ఉప్మా వండిపెట్టే బడి. ఊళ్ళో ఏడో తరగతి చదివిన ఆడమనిషి మా అమ్మ ఒక్కతే కాబట్టి ఆ పని ఆమెకే రావాలి. కానీ పక్కింటి పెద్దమ్మ అందరి ముందూ అనేసింది: "ఆ మొఖంతోని ఉప్మా వండితే మా పోరగాళ్ళకు అంటదా?" ఆఫీసు నుంచి వచ్చిన మేడం ఇరుకున పడింది. ఉగాది తర్వాత మళ్ళీ వస్తాననీ, అప్పటికి తల్లులు ఒప్పుకుంటే పని అమ్మదేననీ, లేకపోతే పక్క ఊరి మనిషిని పెడతాననీ చెప్పి వెళ్ళింది.

అమ్మకు ఆ పని ఎంత కావాలో నాకు తెలుసు. అందుకే రోజుకొక మందు పెట్టేది. ఒకరోజు వేపాకు, ఒకరోజు సున్నం, ఇంకోరోజు కిరాణా కొట్లో తెచ్చిన తెల్ల క్రీము. సాయంత్రం గుంజకు వేలాడే అద్దం ముందు కూర్చుని గిల్లుకునేది. పొద్దున ముఖం కనబడకుండా తువ్వాల చుట్టుకుని మిర్చి కోతలకు పోయేది.

మా వెనకింట్లో మిషన్ దవాఖానా నర్సమ్మ కిరాయికి ఉండేది. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ తిన్నగా మా ఇంట్లోకి వచ్చి, అమ్మ ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుంది. "అంటేదైతే ముందు నాకే అంటాలె, చూద్దాం తియ్" అంది. తర్వాత దండెం మీది తువ్వాల వాసన చూసి, "ఇది తువ్వాలనా చెల్లె, నూనె గానుగనా?" అని అడిగింది.

మా వైపు తలకు ఇప్పనూనె కారేటట్టు పెట్టుకోవడం అలవాటు. అమ్మ ఆ నూనె తల మీదే బిగించి తువ్వాల చుట్టి, రోజంతా ఎండలో మిర్చి కోసేది. నూనే చెమటా దిగి నుదుటి మీద రంధ్రాలు మూసుకుపోతున్నాయట. సిగ్గుతో ముఖం దాచుకున్న కొద్దీ అవి ఇంకా పెరిగాయన్నమాట. "ముప్పైల గూడ వస్తయి చెల్లె. నెలనెలా ఒంట్ల మార్పులకు చర్మం కింద నూనె ఎక్కువ ఊరుతది. పాపం గాదు, అంటురోగం అసలే గాదు" అని నర్సమ్మ చెప్పింది.

మర్నాడు దవాఖానాకు తీసుకుపోయి డాక్టరుకు చూపించింది. రాత్రిపూట పలచగా రాసుకోవడానికి ఒక మందు ఇచ్చారు. రెండు పూటలా మామూలు సబ్బుతో ముఖం కడగాలి, ముఖానికి నూనె తగలకూడదు, కొట్టు క్రీము మానెయ్యాలి, గిల్లకూడదు.

"వారానికి తగ్గుతదా అక్కా?" అని అడిగింది అమ్మ. నర్సమ్మ గుంజకున్న అద్దం తీసి చంకన పెట్టుకుంది. కొంగు ముడి విప్పి రెండు బీరగింజలు నా చేతిలో పెట్టింది. "గీ పాదు పూసిననాడు అద్దం తెచ్చిస్త. అందాక మందు మార్చద్దు, మొఖం ముట్టద్దు."

ఒక గింజ నేనే నాటాను. మూడో రోజు ఆగలేక తవ్వి చూశాను. తెల్లటి మొలక! మళ్ళీ మట్టి కప్పాను. మర్నాడు మళ్ళీ తవ్వాను. ఐదో రోజు మొలక విరిగి నా వేళ్ళ మధ్యకు వచ్చింది. నా ఏడుపు విని నర్సమ్మ వచ్చింది. "గింజ దాని పని అది చేస్తనే ఉండె గద బిడ్డా. నీ వేలే ఆగలే" అంది. ఆ మాట నాకే చెప్పింది. కానీ గడపలో నిలబడ్డ అమ్మ, గడ్డం మీదున్న తన చెయ్యిని మెల్లగా దించుకుంది.

రెండో గింజ నాటి నీళ్ళు పోయడం తప్ప నేనింకేమీ చెయ్యలేదు. రెండు వారాలకు అమ్మ చర్మం ఎండి పొట్టు లేచింది. మందు పారేద్దామని చేతిలోకి తీసుకుంది కూడా. పాదు వైపు చూసింది, మళ్ళీ గూట్లో పెట్టేసింది. ఆ రోజే నర్సమ్మను అడిగితే రోజు మార్చి రోజు రాయమంది.

ఉగాది ముందు ఒక సాయంత్రం కంచె మీద పసుప్పచ్చటి బీరపువ్వు విచ్చింది. ఊరంతా వినపడేలా అరుచుకుంటూ వెనకింటికి పరిగెత్తాను. అద్దం వచ్చింది. ముఖం అద్దంలా ఏమీ కాలేదు, మచ్చలున్నాయి. కానీ చీము లేదు, వాపు లేదు. అమ్మ చాలాసేపు చూసుకుని, "ఇంకా రెండున్నయి" అని నవ్వింది.

మేడం వచ్చిన రోజు అమ్మ ఉప్మా వండింది. నర్సమ్మ పిల్లల వరసలో బాసింపట్టు వేసుకుని మొదటి ముద్ద తిన్నది. తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి పక్కింటి పెద్దమ్మే మనవడి వీపు మీద చరిచి "పోరా, తిను" అంది. పని అమ్మకే వచ్చింది. మర్నాడు మసక వేళ పెద్దమ్మ కంచె దగ్గరకొచ్చి గుసగుసగా, "మా కోడలికి గూడ గడ్డం మీద లేస్తున్నయే. గా బీరగింజ ఒకటియ్యి" అని అడిగింది!

ముప్పై నాలుగో ఏట నాకూ అవే మొటిమలు వచ్చాయి, ఇంగ్లీషు పేపరు మొదటిసారి పోయిన నెలలోనే. నేను మాత్రం సున్నం జోలికి పోకుండా చర్మం డాక్టరు దగ్గరికి పోయాను. మూడు నెలలు ఓపిక పట్టాను, ముఖం నెమ్మదించింది. ఇంగ్లీషు పేపరుకు మూడుసార్లు పట్టింది. తప్పిన ప్రతిసారీ చదువు మానేద్దామనిపించి, విరిగిన ఆ మొలక గుర్తొచ్చి, మళ్ళీ పుస్తకం తెరిచాను. తొమ్మిదేళ్ళప్పటి ఆ రోజు నుంచి నా వెంట ఉన్నది అదే, నాటినదాన్ని తవ్వి చూడకపోవడం.

ఇప్పుడు ఎస్టీడీ బూత్ ముందు వరసలో నిలబడి ఉన్నాను. పినపాకలో తమ్ముడికి చెయ్యాలి, వాళ్ళ స్కూలు ఫోనుకు. పెనుబల్లిలో పిన్నికి, ఎదురింటి వాళ్ళు పిలిస్తే వస్తుంది. మూడోసారి ఫీజు కట్టమని తిట్టిన ఇంగ్లీషు సారుకు. అమ్మకు, బాలవాడి పిల్లలు ఇళ్ళకు పోయాక. ఆఖరున నర్సమ్మకు. ఆమె మార్కులు అడగదు. "తవ్వలేదు గద బిడ్డా?" అంటుంది.