ఊసరవెల్లికి పెట్టిన కూలరు

ఇది ఎప్పుడో రాయవలసింది. కానీ బడికి వెళ్ళే వయసులో కమలాపురంలో శనక్కాయలు ఒలిచాను. నాకు అక్షరాలు వచ్చేసరికి యాభై దాటాయి. ఈ మధ్యాహ్నం పక్కింటివాళ్ళు కూలరుకు కొత్త వట్టివేళ్ళ తడక బిగించి నీళ్ళు పోశారు. ఆ వాసనకు, నా చేత అక్షరాలు దిద్దించిన సుగుణ టీచరమ్మ గుర్తుకు వచ్చింది.

కడపలో ఆమె ఇంట్లో పని చేసేదాన్ని. జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. కాలు విరిగిన ఊసరవెల్లిని నయమయ్యేవరకు చూడమని అటవీ శాఖవాళ్ళు ఆమెకు అప్పగించారు. జాలీ పెట్టెలో కొమ్మలు కట్టి, ఒక మూల పైన బల్బు వేలాడదీసింది.

"సాకేదానికి మీకు ఇంకేం దొరకలేదా?" అన్నాను.

"నిన్నే సాకుదామనుకున్నా రత్నా. నువ్వు శానా తింటావు గదా!"

మే నెలలో కంటి పరీక్షకని కర్నూలు వెళుతూ పెట్టెకు చీటీ అంటించింది. "అంతా రాసినా, చూసుకో" అంటే తల ఊపాను. ఆ ఎండల్లో బల్బు వెలిగించడం పాపమనిపించింది. ఆర్పేసి, హాల్లోని వట్టివేళ్ళ కూలరు దాని ఎదుటికి జరిపి, గిన్నెలో నీళ్ళు పెట్టాను. రెండు రోజులకు ఆమె వచ్చేసరికి అది బొగ్గులా నల్లబడి, కళ్ళు లోపలికి పోయి, కొమ్మను కరుచుకుని ఉంది.

"బల్బు ఎందుకు ఆరిపోయింది?"

"కరెంటు పోయింది టీచరమ్మా. వచ్చినాక వేసేది మరిచినా."

నమ్మింది. కూలరు ఆపి బల్బు వేసింది. "దానికి ఒంట్లో వేడి పుట్టదు రత్నా. వెచ్చగా కాచుకుంటేనే తిన్నది అరుగుతుంది. ఎక్కువైతే అదే నీడకు పోతుంది. రెండూ ఉండాల." తర్వాత ఆకుల మీద నీళ్ళు చిలకరించింది. గిన్నెలో నిలిచిన నీళ్ళు అది తాగదట, జారే చుక్కలే తాగుతుందట. చాలాసేపటికి అది నాలుక చాపి ఒక చుక్క అందుకుంది. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

ఆ సాయంత్రమే ఇంకో చీటీ రెండు వైపులా రాసి నా చేతికిచ్చింది.

"కంటికి ఆపరేషనంట. రేపు పోతే పది దినాలు పడుతుంది. దాని కాలికి మందు గూడా ఇందులోనే రాసినా. నువ్వుండావు, నాకు దిగుల్లేదు."

మళ్ళీ తల ఊపాను. ఈసారి అది బతకదని నాకు తెలుసు.

ఇప్పుడు ఎవరైనా నాకు అర్థంకాని కాగితం ఇస్తే, సిగ్గుపడకుండా అడుగుతాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మరుసటి రోజు పొద్దున, ఆటో ఎక్కబోతున్న ఆమె కొంగు పట్టుకున్నాను.

"కరెంటు పోలేదు టీచరమ్మా. నేనే ఆర్పినా. నాకు చదవను రాదు. ఏం చేయాల్నో నోటితో చెప్పిపోండి."

ఆమె నన్ను చూసింది. "రోంతసేపు ఉండప్పా" అని ఆటో అతనికి చెప్పి, చెప్పులు విడిచి మళ్ళీ లోపలికి వచ్చింది.