టీకాకు వచ్చిన అమ్మవారు

ఆసియా ఖండాన్ని భుజాన సంచితో చుట్టిన మహాగాథ చెప్పబోతున్నాను. ఇందులో సముద్రాలున్నాయి, అడవులున్నాయి, రంగూను, సయాం, మలయా ఉన్నాయి. అన్నీ పటంలోనే ఉన్నాయి. నేను మాత్రం బద్వేలులో, మా ఇంట్లో, చెయ్యి వాచి మంచం మీద ఉన్నాను.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో నా స్నేహితుడికి అక్కడ గుమాస్తా పని దొరికింది. ఆఫీసు డేరాలో, పడక డేరాలో. ఒక ఎండాకాలం అలా గడిపాక వాడికి ఏ దేశమూ కష్టంగా కనిపించలేదు.

"డేరాలో బతికినోనికి సయాం అడివి ఒక లెక్కనా అప్పా?" అని నన్ను బయలుదేరదీశాడు. పాత డేరా గుడ్డతో ఇద్దరికీ వీపు సంచులు కుట్టించాడు. నీళ్లు కాచే తాగాలన్నాడు. కాచే వీలు లేనిచోటికని పర్మాంగనేటు పలుకులు సీసాలో పోశాడు. నాలుగు పలుకులు వేసి చూపిస్తే చెంబుడు నీళ్లు వంకాయ రంగుకొచ్చాయి.

"దీనికన్నా కలరానే మేలు" అన్నాను.

మా అవ్వ శొంఠి, వాము, నువ్వుల పొడి మూటకట్టింది. అంతవరకు ఆమెకు అభ్యంతరమేమీ లేదు. నేను రేణిగుంట దాటుతానని ఆమె నమ్మలేదు.

మశూచి టీకా లేనిదే ఓడ ఎక్కనివ్వరని తెలిశాక అసలు గొడవ మొదలైంది. చిన్నప్పుడు టీకాలవాళ్లు వచ్చినప్పుడల్లా అవ్వ నన్ను జొన్నల గాదె వెనక దాచేది. ఆమె ముఖం నిండా మశూచి గుంటలు. ఆమెకు అమ్మవారు పోసిన ఏడాదే పెద్దకొడుక్కూ పోసింది. ఆమె బతికింది, పిల్లవాడు పోయాడు. సూదితో అమ్మను గిల్లితే ఇంకొకరిని అడుగుతుందని అవ్వ భయం. ఆ భయం మీద నేను చాలా వేళాకోళాలు ఆడాను. ఆ గుంటల మీద ఒక్కటీ ఆడలేకపోయాను.

కడప పోయి టీకా వేయించుకొస్తానని చెప్పాను. అవ్వ తిట్టలేదు. అప్పుడు నాకు కొంచెం భయమేసింది.

టీకా వేయించుకొచ్చి వారం తిరిగేసరికి చేతి మీద పొక్కు పొంగి జ్వరం కాసింది. అవ్వ గడపకు వేపమండలు కట్టింది. ఇంట్లో తిరగమోత మానేసింది. అమ్మవారు ఇంట్లో ఉండగా ఎవరూ పొలిమేర దాటకూడదంది.

ఓడ రోజు దగ్గరపడి స్నేహితుడు సంచితో దిగాడు. వేపమండలు చూసి వాకిట్లోనే ఆగిపోయాడు.

"అవ్వా, అది టీకా పొక్కు. ఇట్లే అవుతాదని డాక్టరు చెప్పినాడు. మేం ఓడకు పోవల్ల."

"ఓడ పోతే ఇంగో ఓడ వస్తాది. పోయిన నా కొడుకు వచ్చినాడా నాయనా?"

వాడు సంచి వాకిట్లోనే దించాడు. నా నోరు మాత్రం ఊరుకోదు కదా. "అమ్మకు టిక్కెట్టు తీయలేదులే అవ్వా, ఈడనే దిగిపోతాది" అన్నాను.

అవ్వ మంచం దగ్గరికొచ్చింది. నా చొక్కా చెయ్యి పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదొకటేనా?"

"ఒకటే."

"సూదేసిన చోటనే కూచునిందా? ఇంగ యాడికీ పోలేదా?"

"పోలేదవ్వా."

"నా బిడ్డకు రెప్పల మీద గూడా చోటు లేకుండా వచ్చినాది రా" అంటూ మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. ఆ పిల్లవాడికి కూడా ఇలాంటిది ఒక్కటే వచ్చి ఉంటే అనుకుందో ఏమో. అప్పుడు మాత్రం నా నోరు ఊరుకుంది.

ఆ ఓడ పోయింది. పొక్కు మాడి చెక్కు కట్టాక అవ్వ వేపాకు, పసుపు వేసి కాచిన నీళ్లు నా తల మీద పోసింది. గడప మండలు తనే ఊడదీసింది. "ఒకసారి చూసినోళ్లను అమ్మ మళ్లీ చూడదు. పోయిరా నాయనా" అంది. డాక్టరు చెప్పిందీ అదే, కాకపోతే ఆయన ఇంగ్లీషులో చెప్పాడు.

స్నేహితుడు ఇంకో ఓడ సంగతి కనుక్కొచ్చాడు. ఇద్దరం సంచులు తగిలించుకున్నాం. ఈసారి అవ్వే వాకిలి తీసి పట్టుకుంది.

ఓడ ఎక్కాలంటే కలరా సూది కూడా ఉండాలట, అది ఇంకా వేయించుకోలేదు. కడప ఆసుపత్రిలో అది గురువారం మాత్రమే వేస్తారు. ఆ రోజు శుక్రవారం.