నాయన అద్దానికి అంటించుకున్న ఇంగ్లీషు చీటీలు

మా చిన్నప్పుడు... పొద్దున్నే కొళాయి దగ్గర బిందెల గొడవ మొదలవకముందే మా వఠారమంతా మా నాయన ఇంగ్లీషు వినిపించేది. వసారాలో మేకుకు తగిలించిన అద్దం ముందు నిలబడి, సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతో... "క్రొకడైల్ టియర్స్, దొంగ ఏడుపు... క్రొకడైల్ టియర్స్, దొంగ ఏడుపు..." అని వల్లె వేసేవాడు.

పరీక్ష నాది కాదండీ, ఆయనది. నలభై దాటిన మనిషికి పదో తరగతి పరీక్ష!

నాయన ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో హెల్పరు. పెట్టెలు మోసే పని. పది పాసైతే అక్కడే గుమాస్తా కుర్చీ ఇస్తామన్నారు, అదీ ఆ ఏడాదిలోపు పాసైతేనే. అప్పటికే ఆయన కుడి భుజం సరిగా పైకి లేచేది కాదు. అమ్మ రోజూ నువ్వుల నూనె కాచి రుద్దేది. మిగతా సబ్జెక్టులన్నీ ఎలాగో గట్టెక్కాడు... ఇంగ్లీషు ఒక్కటే మిగిలింది.

ఇంట్లో ఇంగ్లీషు బడికి పోయేవాణ్ణి నేనొక్కణ్ణే. పదకొండేళ్ల పండితుణ్ణి! నాయన తన తోటి ఉద్యోగి దగ్గర రెండు రోజులకు అడిగి తెచ్చిన గైడులోంచి జాతీయాలన్నీ నేనే చీటీల మీదికి ఎక్కించాను. పైన ఇంగ్లీషు, కింద తెలుగు అర్థం... అదీ కన్నడ అక్షరాల్లో. మాలాంటి పాత బెంగళూరు వాళ్లకు తెలుగు నోట్లో ఉంటుంది, చేతికి మాత్రం కన్నడమే వస్తుంది. ఈ తెలుగు అక్షరాలు నేను తర్వాత సినిమా పోస్టర్లు చూసి నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకోండి, మాస్టర్లలా ఎర్ర పెన్ను తీయకండి.

నాయన రోజుకు నాలుగు చీటీలు అన్నం మెతుకుతో అద్దం అంచుకు అంటించుకునేవాడు.

ఆ రోజుల్లోనే నేనొక ఘనకార్యం చేశాను. పక్కింటి టైలరు మునియప్ప నశ్యం డబ్బీలో కాస్త మిరప్పొడి కలిపాను. ఆయన తుమ్మిన తుమ్ములకు మిషను మీది గుడ్డలన్నీ కిందపడ్డాయి! నాయన నన్ను కొళాయి దగ్గరికి లాక్కొచ్చి, అందరి ముందూ నాలుగు తగిలించాడు.

"పెద్దోళ్లతోనా నీ ఆటలు?"

దెబ్బలు గంటలో తగ్గిపోయాయి. అందరూ చూశారన్న మంట తగ్గలేదు...

ఆ సాయంత్రమే, మర్నాడు అంటించాల్సిన నాలుగు చీటీలు కొత్తగా రాశాను. దీని అర్థం దానికి, దాని అర్థం దీనికి. గైడు అప్పటికే తిరిగి వెళ్లిపోయింది. నాయనకు ఇక దిక్కు నేనే.

మర్నాడు అద్దం ముందు... "వైట్ ఎలిఫెంట్... పగ మరిచి కలిసిపోవడం." అసలు అర్థం, ఖర్చే తప్ప పనికిరాని వస్తువని. ఆయనకే ఎక్కడో తేడా కొట్టినట్టుంది. బ్లేడు ఆపి నా వైపు తిరిగాడు.

"ఏమప్పా, ఇది సరిగ్గానే ఉండాదా?"

"ఉండాది నాయనా."

"నువ్వంటే సరే."

అంతే. ఇంకోసారి అడగలేదు.

అదే రోజు నాయన మునియప్ప గడప దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాడు. "పిల్లోడు చేసింది మనసులో పెట్టుకోవద్దప్పా. ఇంక మన మధ్య వైట్ ఎలిఫెంట్!" మునియప్పకు ఇంగ్లీషు అసలే రాదు. "అట్లే కానీలేప్పా, వైట్ ఎలిఫెంటే!" అని చెయ్యి కలిపాడు. నేను దుప్పటి నోట్లో కుక్కుకుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను...

రెండు రోజులు నవ్వుకుని సరిచేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఇంతలో వేసవి సెలవులొచ్చాయి, మా అత్త నన్ను వాళ్ల ఊరు చింతామణికి తీసుకెళ్లింది. మామిడికాయలు, బావిలో ఈత... చీటీల సంగతి పూర్తిగా మరిచిపోయాను.

పరీక్ష అయిన వారానికి నాయనే నన్ను తీసుకెళ్లడానికి వచ్చాడు. చొక్కా జేబులో ప్రశ్నపత్రం, నాలుగు మడతలు పెట్టి. బస్టాండులో చెరుకురసం ఇప్పించి, దాన్ని విప్పి నా ముందు పెట్టాడు.

"చూడప్పా, నువ్వు రాసిచ్చినవే మూడొచ్చినాయి! పెన్ను ఆపకుండా రాసేసినా!"

చూశాను. మూడూ నేను మార్చినవే.

గ్లాసు చేతిలో అలాగే ఉండిపోయింది. "ఏమిరా, సుమ్నే అయిపోయినావు?" అన్నాడు. మాట్లాడవేం అని. కడుపు నొప్పి అన్నాను. బస్సులో దారి పొడుగునా నా కడుపు నిమురుతూ కూర్చున్నాడు.

ఫలితాలొచ్చాయి. మూడు మార్కులు తక్కువ.

కొళాయి దగ్గర మునియప్ప అడిగితే నాయన అన్న మాట, నేను తలుపు వెనకాల నిలబడి విన్నాను. "పిల్లోడు బాగనే చెప్పిచ్చినాడప్పా. నా మొద్దు తలకే ఎక్కలేదు."

గుమాస్తా కుర్చీలో ఇంకెవరో కుర్రవాడు కూర్చున్నాడు. నాయన పెట్టెలు ఎడమ భుజానికి మార్చుకుని, రిటైరయ్యేదాకా మోశాడు. నేను మాత్రం పెద్ద చదువు వెలగబెట్టానా అంటే అదీ లేదు, పీయూసీతో సరి, మీ ఇంటరన్నమాట.

ఈ నోటితో నేను అనని మాట లేదు, ఆటపట్టించని మనిషి లేడు. ఆ ఒక్క మాట మాత్రం నోట్లోంచి రాలేదు. నవ్వేస్తాడేమో... నవ్వడేమో...

పోయినేడు ఆసుపత్రిలో నర్సు నాతో మందుల గురించి ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, నాయన దిండు మీద తల తిప్పి గర్వంగా చెప్పాడు. "నాకు ఇంగ్లీషు నేర్పిచ్చింది మావోడే, సిస్టర్."

నేను మందులు తెస్తానని బయటికి వచ్చేశాను. అప్పుడే చెప్పాల్సింది. రెండు రోజుల తర్వాత చెప్పడానికి మనిషి లేడు.

ఇప్పుడు మా అమ్మాయి ఏ మాటకైనా అర్థం ఫోనునే అడుగుతుంది. అది దెబ్బలకు పగ పట్టదు, తప్పు చెప్పి నవ్వుకోదు. కానీ "నువ్వంటే సరే" అని ఈ ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఎవరితోనూ అనరు...

మీ దగ్గర చదువు చెప్పించుకున్న పెద్దవాళ్లు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. వాళ్ల ముచ్చట్లు కింద రాయండి, చదువుకుంటాను. వాళ్లకు చెప్పకుండా దాచింది ఏదైనా ఉండి, వాళ్లింకా ఉంటే మాత్రం... ఇక్కడ రాయకండి. లేచి వెళ్లి వాళ్లకే చెప్పండి.